గంజి పెట్టని పడుగు

లాఠీ కొన తన మగ్గం మీది నూలులో దిగబడగానే నర్సింహ కేక వేశాడు. దారాలు పుటుక్కు పుటుక్కున తెగడం గదిలో అందరికీ వినిపించింది.

ఒక జవాను మగ్గం గుంటలోకి వంగి అడుగున ఏమైనా దాచారేమోనని లాఠీతో కెలుకుతున్నాడు. ఇంకొకడు చాప మీద పరిచిన, మాటలు రాసిన చీటీలను చేత్తో ఊడ్చి గోనెసంచిలోకి తోస్తున్నాడు. జమేదారు గుమ్మంలో నిలబడి, ఇజాజత్ లేకుండా, సర్కారు అనుమతి అడగకుండా, జల్సా పెట్టినందుకు వెంకట్రాములును ఠాణాకు తీసుకుపోతున్నామని ఒకసారి ఉర్దూలో, ఒకసారి వచ్చీరాని తెలుగులో చెప్పాడు.

బాలమణి గోడకు ఆనుకుని నిలబడింది. చేతిలో సగం నూలు చుట్టిన కండె అలాగే ఉంది. పక్కనే ఎస్తేరమ్మ. ఇద్దరూ క్షణం కింద ఒకే చాప మీద కూర్చుని ఉన్నారు. ఇప్పుడు ఆ చాప మీద జవాను బూట్లు ఉన్నాయి.

వెంకట్రాములు గద్వాలలో చదువుల గది నడిపే మనిషి. సన్నగా, కళ్ళజోడుతో, ఎప్పుడూ చొక్కా జేబులో రెండు పెన్సిళ్ళతో ఉంటాడు. ఇది జల్సా కాదని, సభా ఉపన్యాసాలూ ఏవీ లేవని, నిఘంటువు కోసం సాలెవాళ్ళ మాటలు, సేద్యపు మాటలు పోగుచేస్తున్నామని నెమ్మదిగానే చెప్పాడు. జమేదారు సంచిలోంచి ఒక చీటీ తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. పాత శుభలేఖ వెనకవైపు రాసిన చీటీ అది.

"మాటలు ఏరుడేంది? జొన్నలా?" అన్నాడు.

"జొన్నలే అయితయి సాబ్," అంది ఎస్తేరమ్మ గోడ దగ్గరినుంచి. "గోనెల నింపుకపోతుండ్రు కద."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. జమేదారు ఆమె వైపు తిరిగాడు గాని, వెంకట్రాములు మధ్యలోకి వచ్చి, పోదాం పదండి అన్నాడు. అతని చేతులు వెనక్కి విరిచి కట్టారు. గుమ్మం దాటేటప్పుడు జేబులోంచి పెన్సిలు ఒకటి జారి పడింది. బాలమణి వంగి తీసుకుని కొంగులో ముడేసుకుంది.

అందరూ వీధిలోకి వచ్చి చూశారు. జవాన్లు అతన్ని నడివీధిలోంచి, అడ్డం అనేది లేకుండా, తిన్నగా నడిపించుకుపోయారు.

"ఇయ్యాల్నే పడుగు లేకపాయె," అంది నాగేంద్రమ్మ, పక్కింటి ఆమె, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

ఆ మాట ప్రతివాళ్ళ మనసులోనూ ఉంది. సాలెల వీధిలో తెల్లవారగానే వంతు ప్రకారం ఒకరి నూలు పడుగును, మగ్గమెక్కించే పొడుగు దారాలను, వీధి పొడుగునా కర్రల మీద పరుస్తారు. రెండు పక్కలా ఆడవాళ్ళు కుంచెలు పట్టుకుని గంజి రాస్తూ ముందుకూ వెనక్కూ నడుస్తారు. పరిచిన పడుగును దాటి ఎవరూ పోరు. పెళ్ళి ఊరేగింపయినా పక్క సందులోంచి తిరిగి పోవలసిందే. అందుకే వెంకట్రాములు మాటల కూడిక గంజి వేళకే పెట్టుకున్నాడు. అంతకుముందు ఒకసారి జవాన్లు వచ్చి పడుగు దగ్గర ఆగి, తీయండి అని అరిచారు. ఆడవాళ్ళు తీస్తున్నాం తీస్తున్నాం అంటూనే తీయకుండా పొద్దు గడిపారు. చివరికి జవాన్లు ఇల్లిల్లూ వెతుక్కుంటూ నర్సింహ ఇంట్లోకి వచ్చేసరికి అక్కడ నర్సింహ మగ్గం నేస్తున్నాడు, వెంకట్రాములు కుంచె పట్టుకుని వీధిలో ఉన్నాడు. చీటీలు నాగేంద్రమ్మ పిండి కుండలో ఉన్నాయి.

ఈ పొద్దు వీధి బోసిగా ఉంది. వంతు బాలమణి వాళ్ళదే. కాని పొద్దున్నే ఆమె భర్త అరుగు మీద నిలబడి పడమటి వైపు ముక్కు ఎత్తి, గాలిలో తడి ఉంది, పడుగు తడిస్తే చెడుతుంది, ఈ పూటకు వద్దు అన్నాడు. ఆకాశం చదవడంలో ఆయన మాటే మాట ఆ వీధిలో. ఎవరూ ఎదురు చెప్పలేదు. కూడికకు అప్పటికే మనుషులు చేరడంతో వెంకట్రాములు దాన్ని ఆపలేదు.

ఇప్పుడాయన నర్సింహ ఇంట్లోకి వచ్చి గుంట అంచున కూర్చున్నాడు. వేళ్ళకు బూడిద రాసుకుని, తెగిన దారాల కొసలు ఒక్కొక్కటే వెతికి, పురివేసి అతికించడం మొదలుపెట్టాడు. యుద్ధం నడుస్తున్న రోజులు, నూలు దొరకడమే గగనం. నర్సింహ ఆ చేతుల వంక చూస్తూ కళ్ళు తుడుచుకున్నాడు. ఈ వీధిలో ఇట్లా అతికించగలవాళ్ళు ఇంకెవరూ లేరన్నాడు. బాలమణికి ఆ పూట భర్తను చూసి గర్వం కలిగింది.

*

ఎండ ముదిరేసరికి అందరికీ ఒకటే ప్రశ్న. ఠాణాకు ఎవరు చెప్పారు?

జమేదారు వచ్చీ రాగానే తిన్నగా నర్సింహ ఇంటికి వచ్చాడు. పోయినసారిలాగా ఇల్లిల్లూ వెతకలేదు. ఏ గది అని అడగలేదు. తెలిసినవాళ్ళెవరో చెప్పకపోతే అట్లా రారు. నర్సింహ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. వీధిలో నలుగురు చేరగానే చూపుడు వేలు ఎత్తాడు. అది ఎస్తేరమ్మ వైపు తిరిగింది.

ఎస్తేరమ్మది వాగవతల కూలివాడ. వానాకాలం కలుపులకు, కోతలకు పోతుంది. మిగతా రోజుల్లో సాలెల వీధికి కందికట్టె మోపులు తెచ్చి వేస్తుంది. గంజి పొయ్యిలన్నీ ఆమె కట్టెతోనే మండుతాయి. ఆమె మరిది యేసయ్య ఠాణా పెద్ద అమీన్ సాబ్ గుర్రానికి గడ్డి కోసి వేస్తాడు. నర్సింహకు ఆ ఒక్క సంగతి చాలింది. ఈ వీధిలో తిరిగేవాళ్ళలో ఠాణా గడప తొక్కే ఇల్లు ఇంకెవరిదని అడిగాడు. చేరిన నలుగురి చూపూ ఆమె వైపు తిరిగింది.

ఎస్తేరమ్మ అప్పుడే తెచ్చిన కట్టె మోపు దించుకోలేదు. నెత్తిమీద అలాగే ఉంచుకుని వింది.

"ఆ సంచిల ఉన్న మాటల్ల సగం నాయే," అంది. "నా మాటలు నేనే పట్టిస్తనా నర్సింహయ్యా? నాకేం పిచ్చా?"

"మరి ఎవరు చెప్పిండ్రు?"

"నన్నడుగుతే ఎట్ల? మీ వీధి, మీ మనుషులు. నేను కట్టె ఏసి పొయ్యేదాన్ని."

నిజమే, ఆమె చెప్పిన మాటలే ఎక్కువ. మొదటి రోజు ఆమె గుమ్మం అవతల కట్టె మోపు పక్కన కూర్చుంది. లోపల ఒకామె రాట్నం మాటలు చెబుతుంటే బయటినుంచి, మా దిక్కు దాన్ని అట్ల అనరు అని అరిచింది. వెంకట్రాములు పెన్సిలు పట్టుకుని గుమ్మం దగ్గరికి పోయాడు. అతనొక పద్ధతి పెట్టుకున్నాడు. మాట చెప్పినవాళ్ళు దాన్ని చేసి చూపించాలి. ఎస్తేరమ్మ పరిగె అని చెప్పి, కోత అయిపోయిన చేలో రాలిన కంకులను ఎట్లా ఏరుతారో వంగి చూపించింది. ఒక చేయి వీపు వెనక, ఒక చేయి నేల మీద. కోసిన మొదళ్ళ కొయ్యకాళ్ళు గుచ్చుకోకుండా పాదం ఎట్లా జరపాలో, పక్క మడిలోంచి దొర మనిషి చూస్తుంటే ముఖం ఎటు పెట్టుకోవాలో కూడా చూపించింది. నవ్వులతో గది అదిరింది. అప్పుడు బాలమణి తన చాప మీద ఒక పక్కకు జరిగి, లోపలికి వచ్చి కూర్చో ఎస్తేరమ్మా, మెడలు నొస్తున్నయి నిన్ను చూడలేక అంది.

ఎస్తేరమ్మ ఒక్క క్షణం ఆగి, లోపలికి వచ్చి కూర్చుంది.

ఆ రోజు వెంకట్రాములు చీటీలు వరసపెడుతూ, నిఘంటువులో మాటలు ఇళ్ళ వరసన కూర్చోవు, అక్షరాల వరసన కూర్చుంటాయి, పడుగు ఉన్న పేజీలోనే పరిగె వస్తుంది అన్నాడు. అందరూ వింతగా విన్నారు. బాలమణి భర్త అప్పుడు గుమ్మంలో ఉన్నాడు. ఇంటికి పోయి మగ్గంలో కూర్చుని ఆ పూటంతా నేతను అదిమే పన్నెతో ఎంత గట్టిగా కొట్టాడంటే, నేత బిగుసుకుపోయి జానెడు విప్పి మళ్ళీ నేయవలసి వచ్చింది.

ఇంకొక ముచ్చట కూడా ఆ రోజుదే. ప్రతి చీటీ కింద మాట చెప్పినవాళ్ళ పేరు రాస్తాడు వెంకట్రాములు. బాలమణి వంతు వచ్చినప్పుడు, ఊళ్ళో ఇద్దరు బాలమణులున్నారు గదా అక్కా, ఏ బాలమణి అని రాయాలె, బావ పేరు చెప్పు అన్నాడు. ఆమె తల వంచుకుంది. పెళ్ళయిన నాటినుంచి ఆ పేరు ఆమె నోట రాలేదు. కులదైవం పేరు కూడా అదే కావడంతో దేవుణ్ణి సైతం మన సామి అనే మొక్కుకుంటుంది. చివరికి నాగేంద్రమ్మ వెనకనుంచి మార్కండేయ, మార్కండేయ, రాసుకో సారు అని అరిచింది.

"మా అబ్రహాంను నేను పొద్దుగూకులు పేరు పెట్టే పిలుస్త," అంది ఎస్తేరమ్మ. "తిట్టాల్నంటే పేరు ఉండాలె కద."

అందరికంటే ఎక్కువ బాలమణే నవ్వింది.

ఇప్పుడదే ఎస్తేరమ్మను వీధి మొదట్లో నిలబెట్టి నర్సింహ తీర్పు చెబుతున్నాడు. ఎల్లుండి పొద్దున గుడి ముందర కుల పంచాయితీ. పట్టించింది ఎవరో అక్కడ తేలాలి. అంతవరకు ఆమె వీధిలోకి అడుగు పెట్టడానికి వీల్లేదు, ఆమె కట్టె ఏ పొయ్యిలోకీ పోదు. పంచాయితీలో తప్పు ఆమెదే అని తేలితే కూలివాడ వాళ్ళెవరినీ ఈ వీధి గడప తొక్కనివ్వరు. ఎస్తేరమ్మ చాపను, అంటే బాలమణి చాపనే, ఎవరో తెచ్చి వీధి బయట విసిరేశారు.

ఎస్తేరమ్మ ఆ చాపను చూసింది. మోపును అక్కడే, వీధి అంచున, నిలువునా పడేసింది.

"ఎల్లుండి నేను వస్త," అంది. "రావద్దన్నా వస్త. కట్టె ఈడ్నే ఉంటది. దొంగ దొరికినంక లోపలికి మోసుకపోండ్రి."

కందికట్టె మోపు అట్లాగే పడి ఉంది. సాయంత్రం పొయ్యిలు అంటించడానికి కట్టె లేక ఆడవాళ్ళు పిడకలు వెతుక్కున్నారు గాని, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

*

మర్నాడు ఆకాశం అద్దంలా ఉంది. మార్కండేయ, ఈ పొద్దు పడుగు పరుస్తాం, గంజి కాయి అని చెప్పి బయటికి పోయాడు. బాలమణి పొయ్యి రాజేసి, పిండి కుండ మూత తీసింది.

పిండి పులిసి, పైన తేట నీళ్ళు నిలిచాయి. నిన్న సాయంత్రం నానబెట్టిందే. గంజికి పిండి ముందు రోజు సాయంత్రం నానాలి, రాత్రంతా పులవాలి, అప్పుడే పొద్దున కాచితే జిగురు పడుతుంది. ఆ లెక్క ప్రతి సాలె ఇంటి ఆడదానికీ తెలుసు. ఆమె తెడ్డు పెట్టి కలుపుతూ కలుపుతూ ఆగిపోయింది.

మొన్న సాయంత్రం ఈ కుండ ఖాళీగా ఉంది.

ఆమె జొన్నపిండి కొలుస్తుంటే ఆయన కాళ్ళు కడుక్కుంటూ అన్నాడు, రేపు గంజి వద్దు అని. ఎందుకని అడగలేదు ఆమె. నూలు ఇంకా ఆరలేదేమో అనుకుంది. పిండి తిరిగి డబ్బాలో పోసి కుండ బోర్లించింది.

తడి గాలి సంగతి మర్నాడు పొద్దున కదా చెప్పాడు. ముందు రోజు సాయంత్రం తడి ఎక్కడిది? శివరాత్రి దగ్గర పడుతున్న రోజులు. మబ్బు తునకైనా లేదు. ఆమె తెడ్డు వదిలి దూలానికి వేలాడుతున్న పడుగు చుట్ట దగ్గరికి పోయింది. చేత్తో తడిమింది. పొడిగా, మెత్తగా ఉంది. ఆరిన నూలు. మొన్ననే ఆరి ఉంది.

పడుగు బయట పెట్టి ఉంటే ఏమయ్యేది? జవాన్లు ఆగేవాళ్ళు. అరిచేవాళ్ళు. లేదంటే ఈసారి ఆగకుండా బూట్లతో దాని మీదినుంచే నడిచేవాళ్ళు. గంజి తడి ఆరని నూలు మీద బూటు పడితే ఆ పడుగు ఇంక దేనికీ పనికిరాదు. యుద్ధం రోజుల్లో దొరికిన నూలు.

బూట్లు వస్తాయని తెలిసినవాడు తన పడుగును వీధిలో పరవడు. ఎంతటి పని పెట్టుకున్నా, ఎవరిని పట్టించాలనుకున్నా, సాలెవాడు ఆ ఒక్క పనీ చేయలేడు.

గంజి అడుగంటిన వాసన వచ్చింది. ఆమె దించలేదు.

మార్కండేయ తిరిగివచ్చి వాసనకు ముఖం చిట్లించాడు. పొయ్యి దగ్గర ఎవరూ లేరు. ఆమె మగ్గం పక్కన కూర్చుని ఉంది. రాట్నం ముందర ఉంది గాని తిప్పడం లేదు. ఆయన పోయి గుంటలో దిగి కూర్చున్నాడు. పడుగుకు అడ్డంగా దారం పోనిచ్చే నాడె చేతిలోకి తీసుకున్నాడు. రెండు మూడు వరసలు నేశాడు. అప్పుడామె అడిగింది, మొన్న సాయంత్రం గంజి ఎందుకు వద్దన్నవ్ అని.

నాడె సగం దారిలో ఆగింది.

ఆయన అబద్ధం చెప్పలేదు. అది ఆమెకు తరవాత చాలా రోజులు గుర్తుండిపోయింది. తల ఎత్తకుండా, పన్నె మీద చేయి పెట్టుకుని, బట్టకు చెబుతున్నట్టు చెప్పాడు. వెంకట్రాములును కొట్టమనలేదట. నర్సింహ మగ్గం సంగతి కలలో కూడా అనుకోలేదట. ఆ కూడుడు ఆగాలి, అంతే. జమేదారు ఒక మాట బెదిరించి పోతాడనుకున్నాడు.

"చాప మీద నువ్వు, ఆమె, ఒక్క తాన," అన్నాడు. "ఇయ్యాల చాప. రేపు బాయి. ఎల్లుండి పొయ్యి. ఆ సారు అంటుండు, మన పడుగు పక్కన ఆమె పరిగె పెడతడట. అచ్చుల పడ్డంక ఎవరు తీస్తరు దాన్ని? మన మనుమలు చదువుకుంటరు. మనం, వాళ్ళు ఒక్కటేనా?"

"ఆమెను దొంగ అంటుండ్రు."

"అననియ్యి. రెండు పొద్దులు అనుకొని మర్చిపోతరు."

"నువ్వు ఎందుకు చెప్పలే, నేనే అని?"

ఆయన నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. అలసిన మనిషి నవ్వు. చెబితే ఈ ఇంటికి నిప్పు, నీళ్ళు ఇచ్చేవాళ్ళుండరని, కూతురు సుగుణ అత్తగారి ఇల్లు కూడా ఈ వీధిలోనే ఉందని, ఆలోచించుకోమని అన్నాడు. మళ్ళీ నాడె తీసుకున్నాడు.

"పంచాయితీల లేచి చెప్తవా ఏంది? ఎవరే అని అడుగుతరు. పేరు చెప్పాలె. నా పేరు నీ నోట ఎన్నడన్న వచ్చిందా?"

నాడె ఇటునుంచి అటు పోయింది. పన్నె దెబ్బ మెత్తగా పడింది. ఆయన చేయి ఎప్పటిలాగే తేలికగా ఆడుతోంది.

బాలమణి లేచి మాడిన గంజి వీధి కాలవలో పారబోసింది. ఆ పూట వాళ్ళ పడుగు బయటికి రాలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు కుండ మాడింది అని చెప్పింది. అది నిజమే.

మధ్యాహ్నం ఆమె వాగు దాటింది.

కూలివాడలో ఆమె అంతవరకు అడుగు పెట్టలేదు. ఎస్తేరమ్మ గుడిసె ముందర కూర్చుని చాటలో కందులు చెరుగుతోంది. బాలమణిని చూసి లేవలేదు. కూర్చోమని మాత్రం అంది, నేల చూపించి. బాలమణి కూర్చుంది. కొంగు ముడి విప్పి పెన్సిలు తీసి ఇద్దరి మధ్యా పెట్టింది. ఎందుకు తెచ్చిందో ఆమెకే తెలియదు.

ఎస్తేరమ్మ యేసయ్య సంగతి చెప్పింది. అతను గడ్డి వేసేది గుర్రానికి, జమేదారుకు కాదు. ఠాణాలో వాణ్ణి గుమ్మం దాటనివ్వరు. అయినా పంచాయితీ ముందర అతన్ని నిలబెట్టి ప్రమాణాలు చేయించనంది. కాళ్ళు పట్టుకుంటే వదిలేస్తామని నర్సింహ కబురు పంపాడట. ఆమె వచ్చిన మనిషితోనే తిరుగు కబురు పంపింది, కాళ్ళు పట్టుకునే మాట మా దిక్కు లేదు, నిఘంటువులో మీరే రాసుకోండి అని.

బాలమణికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఎస్తేరమ్మా, నాకు, అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఎస్తేరమ్మ చాట పక్కన పెట్టి ఆమె ముఖంలోకి చూసింది.

"నీకు తెలిసింది," అంది. "నీ మొఖంల కనబడుతుంది. నాకు చెప్పకు బాలమణమ్మా. ఈడ చెప్తే అది ఇద్దరు ఆడోళ్ళ ముచ్చట. నేను పోయి అంటే, మొగుడి మీద నేరం ఏసింది అని నిన్నంటరు, అబద్ధాలాడింది అని నన్నంటరు. చెప్తే ఆడ చెప్పు. లేకుంటే అసలే చెప్పకు."

మొగుడు అన్న మాట ఎస్తేరమ్మ నోటినుంచి ఊరికే వచ్చిందో, తెలిసి వచ్చిందో బాలమణికి అర్థం కాలేదు. ఎస్తేరమ్మ మళ్ళీ చాట అందుకుంది. పొట్టు గాలికి లేచి బాలమణి చీర మీద పడింది. ఇద్దరూ దులపలేదు.

వాగు దాటి వస్తూ బాలమణి ఆ పేరును నోట్లో ఒకసారి అనుకోబోయింది. పెదవులు కదిలాయి. గొంతు కదలలేదు. చుట్టూ ఎవరూ లేరు. నీళ్ళు పాదాల మీదినుంచి పోతున్నాయి. మళ్ళీ ప్రయత్నించింది. మొదటి అక్షరం దగ్గరే నాలుక అంగిట్లో అంటుకుపోయింది. ఇరవై ఏళ్ళ పైబడిన అలవాటు అది. చచ్చిపోయిన తన అత్త కూడా అట్లాగే, అది ఆమె మామ పేరు కావడంతో పలకకుండా, కొడుకే అయినా, పెద్దోడు అనే పిలిచేది.

*

గుడి ముందర నేల మీద మగవాళ్ళు వరసగా కూర్చున్నారు. ఆడవాళ్ళు గోడ వెంట నిలబడ్డారు. కులపెద్ద తెల్లమీసాల మనిషి, చెవులు మందగించినా మాట పదును తగ్గలేదు. ముందర దీపం వెలిగించి పెట్టారు. నేరం మోపేవాళ్ళు ఎవరైనా ఆ దీపం ముందరికి వచ్చి, తన నోటితో పేరు పెట్టి చెప్పాలి. సైగ చేసినా, ఇంకొకరి చేత చెప్పించినా పంచాయితీ ఒప్పుకోదు. తాతల కాలం నుంచి అదే కట్టు.

వెంకట్రాములు అప్పుడే ఠాణా నుంచి వచ్చాడు. కళ్ళజోడు ఒక పక్క పగిలి ఉంది. దవడ వాచింది. మళ్ళీ మాటలు పోగుచేయనని రాసి ఇమ్మన్నారట. ఇవ్వలేదు. చీటీలు ఏమయ్యాయని ఎవరో అడిగితే, ఠాణాలో నీళ్ళు కాచుకోవడానికి పనికొచ్చాయన్నాడు. ఆ మాట తేలిగ్గానే అన్నాడు గాని, కూర్చునేటప్పుడు చేయి నేలకు ఆనించి కూర్చున్నాడు.

ఎస్తేరమ్మ చెప్పినట్టే వచ్చింది. అవతల, వీధి అంచున, తన కందికట్టె మోపు పక్కన నిలబడింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. తల మాత్రం ఎత్తుకునే ఉంది.

నర్సింహ లేచి దీపం ముందరికి వచ్చాడు. తెగిన దారాల పోగు తెచ్చి అందరికీ చూపించాడు. ఎస్తేరమ్మ పేరు చెప్పాడు. మరిది సంగతి చెప్పాడు. కూలివాడ వాళ్ళను లోపల కూర్చోబెట్టుకోవడమే తప్పని, అది ఎవరి పుణ్యమో అందరికీ తెలుసని అంటూ బాలమణి వైపు చూశాడు. చూశావా అనే మాట నలుగురైదుగురి నోట మెల్లగా తిరిగింది. కులపెద్ద, ఎస్తేరమ్మను ఏమైనా చెప్పుకునేదుంటే చెప్పుకోమన్నాడు.

"నేను చెప్పేది చెప్పిన," అంది ఆమె దూరం నుంచే. "నేను కాదు. నా మాటలు పోయినా నాకు ఇంకా వస్తయి. సారుకు పెన్సిలు ఉంటే ఇప్పుడే చెప్తా. మీకేం పోయినయో మీరు చూసుకోండ్రి."

కులపెద్ద మీసం దువ్వుకున్నాడు. ఎదురు చెప్పేవాళ్ళు లేకపోతే ఈ రోజునుంచి కూలివాడకు ఈ వీధి లేదు అని చెప్పడానికి నోరు తెరిచాడు.

బాలమణి గోడ వదిలి ముందుకు వచ్చింది.

వరసగా కూర్చున్న మగవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు, ఎవరికోసమో తెలియకుండానే. నాగేంద్రమ్మ ఆమె కొంగు పట్టుకుని లాగింది. కొంగు జారిపోయింది గాని బాలమణి ఆగలేదు. వెంకట్రాములు ముందర ఆగి పెన్సిలు అతని చేతిలో పెట్టింది. అప్పుడు దీపం దగ్గరికి పోయింది.

"ఎస్తేరమ్మ కాదు," అంది. "మొన్న పొద్దున మా పడుగు బయటికి రాలే. తడి గాలి అని చెప్పిండ్రు. అంతకుముందు సాయంత్రమే నాకు చెప్పిండ్రు, గంజి నానబెట్టకు అని. నేను కుండ బోర్లించిన. వీధి ఖాళీ ఉంటదని ముందే తెలుసు."

గోడ వెంట ఆడవాళ్ళ గుంపులో ఒక కదలిక పుట్టింది. గంజి లెక్క వాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు. నాగేంద్రమ్మ నోరు మీద చేయి పెట్టుకుంది. మగవాళ్ళకు అర్థం కావడానికి ఇంకొంచెం పట్టింది. నర్సింహ చేతిలోని దారాల పోగు వంక చూశాడు, తరవాత వాటిని అతికించిన మనిషి వంక చూశాడు.

మార్కండేయ మొదటి వరసలోనే ఉన్నాడు. ముఖం తెల్లబడింది గాని కదలలేదు. భార్య వంక చూశాడు. ఆ చూపులో బెదిరింపు లేదు. తెలిసిన దారిలో పోతున్న మనిషికి ఉండే నిబ్బరం ఉంది. ఆమె ఇంతవరకు వస్తుంది, ఇంతకంటే ముందుకు పోలేదు.

కులపెద్దకు సగం వినిపించింది, సగం పక్కవాడు చెవిలో చెప్పాడు. ఆయన వంగి దీపం వత్తి ఎగదోశాడు. ఆ ఇల్లు ఆయనకు ఇష్టమైన ఇల్లు. ఆ చేతులు ఆయన మెచ్చిన చేతులు.

"బిడ్డా, కట్టు నీకు ఎరికనే," అన్నాడు మెత్తగా. "ఎవరో పేరు పెట్టి చెప్పాలె. చెప్పకుంటే అది మాట కాదు. నువ్వు పోయి నిలబడు. ఎవరూ నిన్నేమీ అనరు."

ఆమెకు దారి చూపిస్తున్నాడు ఆయన. వెనక్కి పోయే దారి. వీధి అంచున ఎస్తేరమ్మ మోపు మీద చేయి ఆనించి నిలబడి ఉంది, పిలవడం లేదు, అడగడం లేదు.

నాగేంద్రమ్మ ఉండలేకపోయింది. "పెద్దయ్యా, ఆమె నోట ఎట్ల వస్తది ఆ పేరు? నేను చెప్త," అంది.

"నువ్వు ఊకో వదినె," అంది బాలమణి. "ఇది నా చీటి."

మొదటి అక్షరం వాగులో అంటుకున్నట్టే అంగిట్లో అంటుకుంది. ఆమె కళ్ళు మూసుకోలేదు. భర్త కళ్ళలోకే చూసింది. వెంకట్రాములు చేతిలో పెన్సిలు, కాగితం లేకుండానే, రాయడానికి సిద్ధంగా లేచింది.

"మార్కండేయ," అంది బాలమణి.

కులపెద్ద చెవి దగ్గర చేయి పెట్టుకున్నాడు. ఆమె ఇంకొంచెం గట్టిగా, చెవుడు ఉన్న కులపెద్దకు, వీధి అంచున ఉన్న ఎస్తేరమ్మకు కూడా వినబడేట్టు చెప్పింది.

"మా ఇంటాయన. ఠాణకు పోయి చెప్పింది మార్కండేయ."